పంట మాది, డబ్బులు పట్టాదారుకి: అండమాన్‌లో కౌలు చేసేవాళ్లకి కరోనా సాయం అందే దారి ఉందా? (2021 నాటి చర్చ)

రంగత్_రమణ
మాది మధ్య అండమాన్. నాన్న సోంపేట దగ్గర్నుంచి ఓడెక్కి వచ్చాడు, మొదట కాంట్రాక్టు పనికి, తర్వాత కూరగాయల సాగుకి. పద్నాలుగేళ్లుగా ఒకే పెద్దాయన భూమి చేస్తున్నాం. మూడెకరాలు. నోటిమాట కౌలు. వంగ, బెండ, బరబటి (బొబ్బర్ల కాయ), గట్ల మీద అరటి. పెద్దాయన పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటాడు, ఏడాదికోసారి వచ్చి కౌలు పట్టుకెళ్తాడు. మంచి మనిషే, మాకు ఆయనతో గొడవేం లేదు.

పోయినేడాది, 2020 మార్చి ఆఖర్లో, లాక్‌డౌన్ పడేసరికి వంగ సరిగ్గా కోతకొచ్చి ఉంది. కోసిన కాయని పోర్ట్‌బ్లెయిర్ పంపడానికి నాలుగు రోజులు బండి దొరకలేదు. గోనె సంచులు పాకలోనే ఉండిపోయాయి. అడుగున ఉన్నవి తడిసిపోయి, కాయ ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోయేది. అమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసి, బాగున్నవి ఇరుగుపొరుగుకి పంచింది. మిగతావి గోతిలో పోశాం. పదకొండు సంచులు.

ఏప్రిల్‌లో పీఎం కిసాన్ (రైతు ఖాతాలో కేంద్రం విడతలుగా వేసే సాయం) 2000 పడ్డాయని పెద్దాయనే ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు. ఆగస్టులో మళ్లీ పడ్డాయి, డిసెంబర్లో పడ్డాయి, మొన్న 2021 మే 14న కూడా. మాకు ఒక్క రూపాయి లేదు. ఆఫీసుకి వెళ్తే "నీ పేరు మీద భూమి ఎక్కడుంది?" అన్నారు. భూమి లేదండీ, పంట ఉంది అన్నాను. దానికి కాలమ్ లేదన్నారు.

ఈ రెండో వేవ్‌లో మళ్లీ అదే పరిస్థితి వచ్చేలా ఉంది. కౌలువాళ్లకి ఏదైనా దారి ఉంటే చెప్పండి. ఐలాండర్ కార్డు (దీవుల్లో ఉండేవాళ్లకిచ్చే గుర్తింపు కార్డు), ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఉన్నాయి.

ఉప్పుటేరు
పెద్దాయన మంచివాడే అంటున్నావు కదా, సగం ఇమ్మని అడగొచ్చుగా?

రంగత్_రమణ
@ఉప్పుటేరు అడగలేదు. అడిగితే ఇస్తాడేమో కూడా. కానీ అది ఆయన దయ అవుతుంది. నేను అడుగుతున్నది అది కాదు.

పెద్దపల్లి_పోరడు
గిదే కత మా దగ్గర గూడ. 2021ల మా తెలంగాణ సర్కారు రైతుబంధు ఎకరానికి పంటకు 5 వేలు, రెండు పంటలకు 10 వేలు. మా బాపు ఆరెకరాలు కౌలుకు జేస్తడు. పట్టేదారు హైదరాబాద్ల ఉంటడు. పైసలు ఆయన ఖాతాల వడ్తయి, ఎరువు బస్తా మా బాపు నెత్తి మీద ఉంటది. మీరు సముద్రం నడుమ ఉన్నరు, మేము గోదారి ఒడ్డుకున్నం, కౌలుకు జేసెటోని బతుకు మాత్రం ఒక్కతీర్గనే ఉన్నది.

తెనాలి_కౌలురైతు
ఆంధ్రాలో కొంచెం నయం. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలలకి యజమానితో ఒప్పందం రాసుకుంటే సీసీఆర్‌సీ కార్డు (పంట సాగుదారు హక్కు కార్డు) ఇస్తారు. దాంతో రాష్ట్రం రైతులకిచ్చిన రైతు భరోసా సాయం 13,500 నాకు వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీల్లో సొంత భూమి లేని కౌలుదార్లకే అది ఇచ్చారు. మా పక్క చేను ఆయన ఓసీ, నాలాగే కౌలు, ఆయనకి రాలేదు.

ఇంకో సంగతి. కార్డుకి యజమాని సంతకం కావాలి. మా ఆసామి మూడు నెలలు తిప్పాడు. "సంతకం పెడితే రేపు భూమి నాదంటావేమో" అని భయం. చట్టంలో హక్కులకేమీ భంగం రాదని రాసి ఉంది, చదివి వినిపించినా నమ్మలేదు. చివరికి వాళ్లావిడ చెప్తే పెట్టాడు.

ఉప్పుటేరు
ఇళ్లల్లో ఆడవాళ్లకి ఉన్న బుద్ధి ఆఫీసుల్లో ఉంటే ఈ పాటికి అందరికీ వచ్చేసేది.

వక్కతోట_సూరి
రెండో పక్క కూడా వినండి. మా మావయ్య ఇక్కడ అప్పు చేసి భూమి కొన్నాడు, రికార్డులో పేరుంది, మాకు పీఎం కిసాన్ వస్తుంది. మేమేమీ దొంగతనం చెయ్యట్లేదు. తుపానుకి చెట్టు పడితే నష్టం మాది. వక్క మొక్క పెట్టాక ఆరేడేళ్లు రూపాయి రాదు, అయినా తోటకి పెట్టుబడి మేమే పెడతాం. కౌలు మీద ఉన్నాయన రెండో ఏడు వెళ్లిపోతానంటే వెళ్లిపోగలడు, మేము ఎక్కడికి పోతాం? ఇస్తామన్నవాళ్ల దగ్గర తీసుకున్నాం. దాన్ని తప్పుపట్టకండి.

రంగత్_రమణ
@వక్కతోట_సూరి అన్నా, నువ్వు తీసుకోవడం తప్పని నేనెక్కడ అన్నాను? మీ తోట మీరే చేసుకుంటున్నారు, మీకు రావాల్సిందే. పాడైన పంట ఎవరిదో వాళ్లకి కూడా ఇవ్వమంటున్నాను, అంతే. పద్నాలుగేళ్లు ఒకే మడి చేసినవాణ్ణి రెండో ఏడు వెళ్లిపోయేవాడి లెక్కలో కట్టకు.

వక్కతోట_సూరి
నీ సంగతి వేరు, ఒప్పుకుంటాను.

డిగ్లీపూర్_టీచర్
మెయిన్‌ల్యాండ్ నుంచి చదువుతున్నవాళ్లకి కొంచెం వెనక కథ చెప్తాను, లేకపోతే రమణ బాధ అర్థం కాదు.

ఇక్కడ భూమి రికార్డులు మన ఊళ్లలోలాగ తాతముత్తాతల నుంచి వచ్చినవి కావు. 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థి కుటుంబాలని తెచ్చి, అడవి కొట్టించి, ఒక్కో కుటుంబానికి పదెకరాల చొప్పున ఇచ్చారు: ఐదు వరికి, ఐదు కొండ వాలు మీద. వాళ్లని సెట్లర్లు అంటాం. వాళ్ల పేర్లే రికార్డులకెక్కాయి. మన తెలుగువాళ్లు ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకీ, కూలికీ సొంతంగా వచ్చినవాళ్లు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. అంతమంది ఉన్నా భూమి కాగితం ఉన్నవాళ్లని వెతుక్కోవాలి. కొందరు సెట్లర్ల భూమి కౌలుకి చేస్తారు, కొందరు ప్రభుత్వ భూమి అంచున ఆక్రమణలో ఉంటారు. ఎలా చేసినా రికార్డులో కనపడరు.

దీవుల్లో చాలా భాగం అడవి, గిరిజన రిజర్వు. కొత్తగా పట్టా ఇవ్వడానికి భూమి ఉండదు. కాబట్టి "పట్టా తెచ్చుకో" అని చెప్పడం తేలికే, తేవడం మాత్రం ఎవరి వల్లా అయ్యే పని కాదు.

సెట్లర్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, చాలామంది పొలం మానేశారు. మా స్కూల్లో నా పక్కన కూర్చునే బెంగాలీ మాస్టారు కూడా అంతే. ఆయన తాతగారు అడవి నరికి చేసిన పొలం ఇప్పుడు ఒక పలాస కుటుంబం చేస్తోంది. మాస్టారు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ఆయనకి పీఎం కిసాన్ రాదు. పలాస వాళ్లకి రికార్డు లేదు కాబట్టి వాళ్లకీ రాదు. పంట మాత్రం ఏడాదికి రెండుసార్లూ పండుతోంది.

సిప్పీఘాట్_తాత
టీచరమ్మ చెప్పింది నిజం. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు సిప్పీఘాట్‌లో మేం చేస్తున్న వరి మడి సముద్రంలో కలిసిపోయింది. నేల కిందికి కుంగింది, అప్పట్నుంచి పోటు నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఇప్పటికీ అక్కడ ఎండిన మోళ్లు నీళ్లలో నిలబడి కనిపిస్తాయి. అప్పుడు కూడా నన్ను అడిగిన మొదటి మాట "కాగితం ఉందా" అనే. వడ్లు పోయాయి, ఎడ్లు పోయాయి, కాగితం మొదట్నుంచీ లేదు. పదహారేళ్ల తర్వాత కుర్రాడు రమణ అదే మాట రాస్తే రాత్రి నిద్ర పట్టలేదు.

కొబ్బరిపీచు
కాగితం ఉన్నవాళ్ల కష్టం కూడా రాస్తాను. మా అమ్మ పేరున ఎకరంన్నర కొబ్బరి ఉంది, పీఎం కిసాన్‌లో పేరు కూడా ఉంది. 2020 ఏప్రిల్ విడత ఖాతాలో పడింది. తీసుకోవడానికి జూన్ అయ్యింది.

మా ఊరికి బ్యాంకు బోటు దాటి వెళ్లాలి, బోట్లు ఆగిపోయాయి. పోస్టులో వేలిముద్ర పెడితే ఇస్తారన్నారు. అమ్మ ముప్పై ఏళ్లుగా కొబ్బరి పీచు ఒలుస్తోంది. ఇనప గసిక మీద కాయ గుచ్చి మెలితిప్పి లాగడం. ఆ వేళ్ల మీద గీత అంటూ లేదు, అరిగి గాజులా నున్నగా అయిపోయాయి. మిషను మీద బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. సబ్బుతో కడిగింది, నిమ్మకాయతో తోమింది, చీర కొంగుకి తుడిచింది. మధ్యలో సిగ్నల్ పోయేది, మళ్లీ మొదట్నుంచి. పోస్టుమ్యాన్ తమ్ముడు ఓపిగ్గా పదో పన్నెండోసారి కూడా పెట్టించాడు. చివరికి ఎడమ చేతి ఉంగరం వేలు పలికింది. ఆ వేలితో అమ్మ ఒలిచే పని చెయ్యదు.

అప్పట్నుంచి డబ్బులు తీసుకునే రోజు ముందు రెండు రోజులు అమ్మ చేత పీచు ఒలిపించం.

హావ్‌లాక్_లక్ష్మి
@కొబ్బరిపీచు ఏడిపించారు అక్కా. మా అత్తగారిదీ అంతే, ఆమెవి చేపలు కోసే చేతులు.

సిగ్నల్ గురించి కొత్తవాళ్లకి చెప్పాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు, దాదాపు 2,300 కిలోమీటర్లు. అంతకుముందు అంతా శాటిలైటే. అంటే లాక్‌డౌన్ మొదటి నాలుగున్నర నెలలు, డబ్బు ఎక్కువ అవసరమైన ఆ రోజుల్లో, ఆన్‌లైన్ పేజీ తెరుచుకోవడానికి మేం చెట్టెక్కినంత పని అయ్యేది. "వెబ్‌సైట్‌లో స్టేటస్ చూసుకోండి" అని ఢిల్లీ నుంచి చెప్తే ఎలా చూసుకుంటాం?

మా కథ కూరగాయలది కాదు, టూరిస్టులది. బీచ్ దగ్గర కొబ్బరి బోండాలు, మా పెరట్లో కూరలు రిసార్టులకి. మార్చిలో టూరిస్టులు ఆగిపోయాక బోండాలు చెట్టు మీదే ముదిరాయి. ముదిరితే ఎండు కొబ్బరి చేసుకోవచ్చు అంటారు, రేటెక్కడ ఉంది? భూమి మాది కాదు. రైతులకిచ్చే దాంట్లో లేం, వ్యాపారులకిచ్చే దాంట్లోనూ లేం. నాకు వచ్చింది జన్‌ధన్ 500, మూడు నెలలు. దాంతో పిల్లకి మందులు కొన్నాను, కాదనను.

వలవేసేవాడు
జన్‌ధన్ 500 మా ఇంటావిడకి కూడా పడింది. ఆడవాళ్ల ఖాతాలకి మాత్రమే అది, ఏప్రిల్, మే, జూన్. రేషన్ బియ్యం మనిషికి 5 కిలోలు 2020 నవంబర్ దాకా ఫ్రీగా ఇచ్చారు, 2021 మే నుంచి మళ్లీ ఇచ్చారు. నిజం చెప్పాలంటే మమ్మల్ని నిలబెట్టింది ఆ బియ్యమే. బియ్యం ఇచ్చేటప్పుడు భూమి ఉందా అని ఎవరూ అడగలేదు. కార్డులో ఎంతమంది తలలు, అంతే.

ఉప్పుటేరు
@వలవేసేవాడు చేప మీ దగ్గర ఉంది, బియ్యం వాళ్లిచ్చారు, వంకాయలు రమణ దగ్గర కుళ్లిపోయాయి. ముగ్గురూ ఒక ఊళ్లో ఉండుంటే లాక్‌డౌన్ అంతా విందే.

రంగత్_రమణ
@ఉప్పుటేరు ఈసారి కోతకొస్తే ముందు మీకే ఫోను.

గోదారి_గట్టు
ఏమీ అనుకోకండి, నాకొకటి అర్థం కాదు. 2000 రూపాయల కోసం ఇంత చర్చా? నాలుగు నెలలకి 2000 అంటే రోజుకి 16, 17 రూపాయలు. దాంతో ఏ రైతు బాగుపడ్డాడు?

రంగత్_రమణ
@గోదారి_గట్టు మీరు లెక్క రోజుల్లో వేశారు, నేను సంచుల్లో వేస్తాను. ఆ ఏప్రిల్‌లో మళ్లీ విత్తనం వెయ్యడానికి నా దగ్గర డబ్బు లేదు. విత్తనాలు కూడా మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడ మీదే రావాలి, దుకాణంలో ఉన్నవాటికి రేటు పెంచేశారు. బెండ, బరబటి గింజలు, ఒక బస్తా ఎరువు కలిపి 2000 లోపే. అవి లేక మే నెల వాన పడ్డాక ఎకరంన్నర బీడు పెట్టాం. ఆ బీడు వల్ల పోయింది 2000 కాదు. తర్వాత షావుకారు దగ్గర నూటికి మూడు వడ్డీకి తెచ్చాం, ఇప్పటికీ కడుతున్నాం.

గోదారి_గట్టు
అలా ఆలోచించలేదు. మన్నించు తమ్ముడూ.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్
పైవన్నీ చదివాను. ముప్పై ఏళ్లు వ్యవసాయ రుణాలు చూసినవాణ్ణి. కొంచెం పొడుగవుతుంది, భరించండి.

ముందు ఒక అపోహ. 2020 ఏప్రిల్‌లో పడిన 2000 కరోనా కోసం కొత్తగా ఇచ్చిన డబ్బు కాదు. మార్చి 26న గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించినప్పుడు, ఆ ఆర్థిక సంవత్సరానికి రావాల్సిన 6000లో మొదటి విడతని ఏప్రిల్ మొదట్లోనే వేస్తామన్నారు. అంటే ఎలాగూ ఇవ్వాల్సింది ముందుగా ఇచ్చారు. 8.7 కోట్ల మందికి అని చెప్పారు. చేతిలో పైసా లేనప్పుడు ముందుగా రావడం కూడా మేలే, కానీ దాన్ని అదనపు సాయం అనుకోవద్దు. కాబట్టి అప్పటికే ఆ జాబితాలో లేనివాడికి కరోనా వచ్చినా జాబితా తెరుచుకోలేదు. రమణకి జరిగింది అదే.

రెండు. ఆ జాబితా ఎలా తయారైంది? 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డులో పేరు ఉన్నవాళ్లు. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్లకే అన్నారు, తర్వాత ఆ పరిమితి తీసేశారు. ప్రభుత్వ ఉద్యోగులు, నెలకి పదివేలు ఆపైన పెన్షన్ వచ్చేవాళ్లు, ఆదాయపన్ను కట్టేవాళ్లు, డాక్టర్లు, లాయర్లు లాంటివాళ్లు అనర్హులు. నాలుగో తరగతి ఉద్యోగులకి మినహాయింపు ఉంది. కౌలుదారు ఊసే లేదు. రమణా, ఈ పథకంలో నీకు దారి లేదు. దీని కోసం ఇంకో చెప్పుల జత అరగదీసుకోకు. తప్పుడు పత్రంతో పేరెక్కిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అసలే వద్దు, అనర్హుల దగ్గర తిరిగి వసూలు చేస్తున్నారు.

మూడు, ఇది చాలామందికి తెలియనిది. బ్యాంకు పంట రుణం ఇచ్చే కిసాన్ క్రెడిట్ కార్డుకి పట్టా తప్పనిసరి కాదు. రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాల్లో కౌలుదార్లు, నోటిమాట కౌలుదార్లు, పాలికి చేసేవాళ్లు కూడా అర్హులని స్పష్టంగా ఉంది. నోటిమాట కౌలు అని వాళ్లే రాశారు, నేను కల్పించింది కాదు. 2021 నాటికి 1,60,000 దాకా తనఖా అక్కర్లేదు. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 తగ్గి 4 శాతం పడుతుంది. నువ్వు షావుకారికి కడుతున్నది ఏడాదికి 36 శాతం, పక్కపక్కన పెట్టుకుని చూడు.

ఒంటరిగా వెళ్తే మేనేజర్ జంకుతాడు, అది కూడా నిజం. అందుకని జాయింట్ లయబిలిటీ గ్రూపు అని ఉంది, జేఎల్‌జీ. నలుగురి నుంచి పది మంది దాకా, ఒకే ఊరివాళ్లు లేదా చుట్టుపక్కలవాళ్లు, ఒకరికొకరు పూచీ. ఒకే కుటుంబం నుంచి ఇద్దరు ఉండకూడదు. నా సర్వీసులో కౌలువాళ్ల గ్రూపులకి ఇచ్చినవి ఎగ్గొట్టడం నేను బాగా తక్కువ చూశాను. పక్కవాడి ముందు మాటపోతుందన్న భయం వాళ్లకి ఎక్కువ.

సాయం వేరు, అప్పు వేరు. సాయం అడుగుతున్నవాడికి అప్పు చూపిస్తున్నానని నాకూ తెలుసు. ఇప్పటికి చేతికందేది ఇదే కాబట్టి చెప్తున్నాను.

తెనాలి_కౌలురైతు
@రిటైర్డ్_ఫీల్డాఫీసర్ నోటిమాట కౌలుకి కూడా అని రాతలో ఉందా? ఈ మాట నాకు పదేళ్ల క్రితం చెప్పుంటే మా ఆవిడ పుస్తెలతాడు ఇంట్లోనే ఉండేది.

పెద్దపల్లి_పోరడు
సార్, మా బ్యాంకుల పాసుబుక్ లేకుంటే లోపటికి గూడ రానియ్యరు. రూల్ ఉన్నదని జెప్తె ఇంటరా?

రిటైర్డ్_ఫీల్డాఫీసర్
@పెద్దపల్లి_పోరడు మాటగా చెప్తే వినరు. దరఖాస్తు రాసి ఇచ్చి, రశీదు తీసుకో. తిరస్కరిస్తే కారణం కాగితం మీద ఇమ్మను. కాగితం మీద రాయాల్సి వచ్చేసరికి సగం మంది ఒకసారి రూలు తిరగేస్తారు.

హోనొలులు_శ్రీ
నేను హవాయిలో వ్యవసాయ శాస్త్రం చదువుతున్నాను, ఊరు తణుకు. ఇదీ ఉష్ణమండలపు దీవే, ఇక్కడా చాలామంది చిన్న రైతులు లీజు భూమే చేస్తారు. ఇక్కడ పోయినేడాది ఎలా ఇచ్చారో చెప్తాను, పోల్చుకోండి.

అమెరికా వ్యవసాయ శాఖ సీఎఫ్‌ఏపీ అని, కరోనాలో నష్టపోయిన రైతులకి సాయం చేసే పథకం పెట్టింది, మేలో ఒకసారి, సెప్టెంబర్లో రెండోసారి. రెండో విడతలో పండ్లు, కూరగాయల లాంటి పంటలకి భూమి లెక్క చూడలేదు, 2019లో నీ అమ్మకాలు ఎంత అని అడిగారు. మొదటి 49,999 డాలర్ల అమ్మకాల మీద 10.6 శాతం ఇచ్చారు. అర్హుడు ఎవరంటే పంట నష్టంలో వాటా ఉన్నవాడు. లీజుకి చేసినా సరే, నష్టం నీదైతే సాయం నీది. భూమిచ్చి డబ్బు అద్దె మాత్రం తీసుకునే యజమానికి రాదు.

అంతా బాగుందని కాదు. నేను వారాంతాల్లో పనికెళ్లే పొలం ఒక లావోస్ కుటుంబానిది. మామిడి, చిలగడదుంపలు పండించి సంతలో రొక్కానికి అమ్ముతారు. రసీదులు రాసే అలవాటు లేదు. ఫారం ఇంగ్లీషులో. వాళ్లమ్మాయితో కలిసి మూడు రాత్రులు కూర్చుని, క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు కూడి నింపాం. ఒక రోజు పక్కన అంకె లేదు, "వాన" అని మాత్రం ఉంది. అలా ఇరవై రోజుల దాకా ఉన్నాయి.

రంగత్_రమణ
@హోనొలులు_శ్రీ "నష్టం నీదైతే సాయం నీది." ఇదే నేను మొదటి పోస్టులో చెప్పాలనుకుని చెప్పలేకపోయింది. మా అమ్మ కూడా క్యాలెండర్ మీదే రాస్తుంది. ఏ రోజు ఎన్ని కిలోలు, ఎవరికి, ఎంత బాకీ. 2011 నుంచి అన్ని క్యాలెండర్లూ దాచింది. మేం పాతవి పారేద్దాం అంటే తిట్టేది.

రిటైర్డ్_ఫీల్డాఫీసర్
@రంగత్_రమణ ఆ క్యాలెండర్లు బ్యాంకుకి పట్టుకెళ్లు. నవ్వుతారని మొహమాటపడకు. పదేళ్ల అమ్మకాల లెక్క ఉన్న కౌలుదారు నా సర్వీసులో నాకు ఒక్కడూ కనపడలేదు.

నిర్వాహకుడు
ఇద్దరు సభ్యులు ఆధార్, ఖాతా నంబర్లు పోస్టులో పెట్టేశారు, తీసేశాను. దయచేసి పెట్టొద్దు. పీఎం కిసాన్ వివరాలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ 155261 ఉంది, అక్కడ అడగండి.

కొబ్బరిపీచు
ఇంకో ప్రశ్న. మా చిన్నాన్న పోయినేడాది పోయారు, కరోనాతో. భూమి ఆయన పేరున ఉంది. పిల్లలకి పీఎం కిసాన్ వస్తుందా, 2019 ఫిబ్రవరి గీత అడ్డమా?

రిటైర్డ్_ఫీల్డాఫీసర్
@కొబ్బరిపీచు చిన్నాన్నగారి విషయం బాధాకరం. ఆ తేదీ తర్వాత చేతులు మారిన భూమికి రాదు కానీ, యజమాని చనిపోయి వారసులకి వస్తే మినహాయింపు ఉంది. ముందు రికార్డులో వారసుల పేర్లు ఎక్కించుకోవాలి. ఆయన ఖాతాలో ఇంకా విడతలు పడుతుంటే తీయకండి, ఆఫీసులో చెప్పేయండి. పెళ్లయి వేరుపడ్డ అన్నదమ్ములైతే ఎవరి భాగం వాళ్ల పేరున ఎక్కిస్తే ఎవరికి వాళ్లు అర్హులే, ఎందుకంటే ఈ పథకంలో కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు.

సిప్పీఘాట్_తాత
రమణా, మీ అమ్మని నేను అడిగానని చెప్పు. క్యాలెండర్లు దాచిన మనిషిని చూడాలని ఉంది.

రంగత్_రమణ
పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను. బ్యాంకుకి వెళ్లాను. మొదట పట్టా అడిగారు. దరఖాస్తు రాసి, సార్ చెప్పినట్టు నోటిమాట కౌలు అని రాసి రశీదు అడిగాను. లోపలికి పిలిచారు. అమ్మ క్యాలెండర్లు చూసి ఆ కుర్ర మేనేజర్ చాలాసేపు మాట్లాడలేదు. 2016ది తెరిచి, "ఇక్కడ బాకీ అని ఉంది, వచ్చిందా?" అని అడిగాడు. రాలేదన్నాను.

గ్రూపు కడితే పరిశీలిస్తానన్నాడు, కనీసం నలుగురు కావాలి. పెద్దాయన దగ్గర్నుంచి ఒక చిన్న ఉత్తరం ఉంటే మంచిదన్నాడు. పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆలోచించుకుని చెప్తానన్నాడు, ఇంకా చెప్పలేదు. నేనూ, మా కింది మడి చేసే బారువ ఆయనా, ఇద్దరం ఉన్నాం. ఇంకో ఇద్దరు కావాలి, చుట్టుపక్కలవాళ్లే అయ్యుండాలి.

తెనాలి_కౌలురైతు
పెద్దాయనకి భార్య ఉంటే ఆవిడతో మాట్లాడు తమ్ముడూ.

వక్కతోట_సూరి
మా తోట పక్కన రెండు కుటుంబాలు కౌలుకి చేస్తున్నాయి, కూరగాయలే. మీ బ్యాంకు పరిధిలోకే వస్తుంది. వాళ్లకి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను, వస్తామన్నారు. వాళ్ల భూమి మా మావయ్యది. ఉత్తరం మావయ్య చేత నేను రాయించాను, సంతకం కూడా అయింది.

రంగత్_రమణ
సూరన్నా, ఏమనాలో తెలీట్లేదు.

వక్కతోట_సూరి
ఏమీ అనక్కర్లేదు. శుక్రవారం పొద్దున్న ఏడు గంటల బండికి వాళ్లిద్దర్నీ తీసుకుని జెట్టీ దగ్గర ఉంటాను. జిరాక్సులు రెండేసి సెట్లు చాలా?

రిటైర్డ్_ఫీల్డాఫీసర్
మూడు సెట్లు తీసుకోండి. ఫొటోలు కూడా.

కొబ్బరిపీచు
అక్కడ వేలిముద్ర అడిగితే ఉంగరం వేలు కూడా పెట్టి చూడమనండి.